ముత్తాత కోసం ముత్తాతను వెతక్కండి

పాత విల్లునామాలూ పారీఖత్తులూ ముందేసుకుని ఇంటి పెద్దల చరిత్ర తెలుసుకోవాలనుకునే వాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటే. ముందు వంశవృక్షం గీయండి, పెద్దవాళ్లని అడిగి ఖాళీలు నింపండి, తర్వాత పేరు పేరుకీ కాగితం వెతకండి అంటారు. నేను ఈ వరసను తలకిందులు చేయమంటాను. వంశవృక్షం ఆఖర్న గీయండి. ముత్తాత పేరు పట్టుకుని ఏ ఆఫీసుకీ వెళ్లకండి. విల్లు దొరికితే మొదటి పేజీ నుంచి చదవకండి. వినడానికి విడ్డూరంగా ఉంటుందని తెలుసు. అయినా దారి ఇదేనని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే మనిషి తను రాయించుకున్న కాగితాల్లో కంటే పక్కవాళ్ల కాగితాల్లోనూ ఎదుటిపక్షం కాగితాల్లోనూ ఎక్కువ కనబడతాడు.

ముందు తగువు వెతకండి

నాయనమ్మ దగ్గర కూర్చుని "ముత్తాత ఎలాంటివాడు?" అని అడిగితే వచ్చే జవాబు ఇంటింటికీ ఒకేలా ఉంటుంది. ధర్మాత్ముడు, ఆజానుబాహువు, గుమ్మంలోకి వచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు. ఈ మాటల్లో అబద్ధం లేకపోవచ్చు, కానీ ఫలానా మనిషి అని పట్టి చూపేది ఒక్కటీ లేదు. దాని బదులు "మనింట్లో పెళ్లయితే శుభలేఖ ఎవరికి వెళ్లదు?" అని అడగండి. ఆవిడ కాస్త తటపటాయించి ఒక పేరు చెబుతుంది. అది రాసుకోండి. గట్టు జరిపారనో, దత్తత చెల్లదనో, రెండో పెళ్లి పిల్లలకి వాటా లేదనో మొదలైన తగువు అక్కడుంది. మీ ముత్తాత గురించి సాక్షులు కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటలు ఆ తగువులోనే ఉన్నాయి.

తర్వాత ఓడినవాళ్ల ఇంటికి వెళ్లండి. గెలిచినవాళ్లకి పొలం దక్కింది. దున్నుకున్నారు, తర్వాతి తరం అమ్ముకుంది, పొలంతోపాటు దస్తావేజులూ కొన్నవాళ్ల చేతికి పోయాయి. ఓడినవాళ్లకి మిగిలింది కాగితాలే. మునసబు కోర్టు తీర్పు నకలు, వాంగ్మూలాల నకళ్లు, అప్పీలు కాగితాలు, వకీలు రాసిన కార్డుముక్కలు ఎప్పటికైనా అక్కరకొస్తాయని గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టుకున్నారు. కోర్టుల్లో పాత దావాల కట్టలను గడువు తీరాక ధ్వంసం చేయడానికి 1917 నుంచీ ఒక చట్టమే ఉంది. కాబట్టి ఆ అటక మీదున్నదే ఆఖరి ప్రతి అయ్యే అవకాశం చాలా ఉంది.

వాటా అడగడానికి వచ్చారని వాళ్లు అనుమానిస్తారు. కాలపరిమితి ఎప్పుడో దాటిపోయిందని, ఆస్తి మీద మీకు ఆశ లేదని ఉపన్యాసం ఇవ్వకండి. వకీలు పంపిస్తే వచ్చినట్టుంటుంది. వరసపెట్టి పిలవండి, "పెదనాన్నగారూ" అనో "బాబాయ్" అనో. మీ దగ్గరున్న కాగితాల జిరాక్సులు అన్నీ, మీ శాఖకు తలవంపులు తెచ్చేవి కూడా, ముందు వాళ్ల చేతిలో పెట్టండి. భోజనానికి ఉండమంటే ఉండండి. మొదటిసారి వెళ్లినప్పుడు ఏ కాగితమూ అడక్కండి.

పెద్ద సంస్థానాల సంగతీ ఇంతే. పిఠాపురం జమీందారు గంగాధర రామారావుగారు మొదట దత్తత చేసుకున్నారు, తర్వాత కొడుకు పుట్టాడు, జమీని ఆ కొడుక్కి రాస్తూ విల్లు పెట్టారు. దత్తపుత్రుడు దావా వేశారు. వ్యవహారం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో విల్లే నిలిచింది. ఆ కొడుకే ఆ తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైన సూర్యారావుగారు. విల్లు ఒక్కటే మిగిలి ఉంటే అందులో జమీందారుగారి నిర్ణయం తప్ప మరేమీ తెలిసేది కాదు. దావా పడింది కాబట్టి ఆ ఇంటి లోపలి సంగతులు తీర్పులకెక్కి లా రిపోర్టుల్లో అచ్చయ్యాయి. ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లిన అప్పీళ్లలో కింది కోర్టుల రికార్డు సైతం పుస్తకంగా అచ్చువేసేవారు. మీ ఇంటి దావా తాలూకా కోర్టు దాటకపోయినా ఇదే పద్ధతిలో చూడండి.

కొడుకులున్న మనిషి విల్లు కోసం తిరగకండి

ఇది చాలామందికి నచ్చదు. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువుకు తన వాటాను విల్లు రాసే అధికారం 1956 వారసత్వ చట్టం వచ్చేదాకా లేదు. ఆయన కన్నుమూస్తే వాటా మిగతా వాటాదార్లకే చేరేది. కాబట్టి నలుగురు కొడుకులున్న ముత్తాత 1920లో పోతే ఆయన విల్లు కోసం ఊళ్లు పట్టుకు తిరగడం దండగ. ఆయన కొడుకులు విడిపోయినప్పుడు రాసుకున్న పారీఖత్తు వెతకండి. ఆడపిల్లలకి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూమి దస్తావేజు వెతకండి. ఒకవేళ కొడుకులుండీ ఆయన విల్లు రాశాడంటే రెంటిలో ఒకటి జరిగి ఉండాలి: ఆస్తి స్వార్జితమైనా కావాలి, అంతకుముందే పంపకాలైనా అయిపోయి ఉండాలి. రెండో సంగతి నిజమైతే అసలు కథ ఆ పంపకాల్లో ఉంది.

ఇంకొకటి. మద్రాసు ప్రెసిడెన్సీలో, మద్రాసు నగరం సంగతి అలా ఉంచితే, మన జిల్లాల్లో హిందువు విల్లు కాగితం మీదే ఉండాలన్న నియమం 1927 జనవరి 1 తర్వాత రాసిన వాటికే వచ్చింది. అంతకుముందు మంచం చుట్టూ నిలబడ్డవాళ్లతో చెప్పిన మాట కూడా రుజువు చేయగలిగితే విల్లుగా చెల్లేది. "మా ముత్తాత విల్లు రాయలేదు" అని తేల్చేసేముందు, నోటితో చెప్పి ఉంటే ఆ మాట ఎవరి వాంగ్మూలంలో ఉంటుందో ఆలోచించండి.

విల్లును వెనక నుంచి చదవండి

మొదటి పేజీ మాటలు వ్రాయసగాడివి. పూర్ణమైన బుద్ధి స్థిమితంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించానన్న ముక్క ఆ ఊళ్లో ఆయన రాసిన ప్రతి విల్లులోనూ ఉంటుంది. కాగితం తిప్పండి. సబ్ రిజిస్ట్రారు ఎండార్స్‌మెంటు వెనక ఉంటుంది. ఏ రోజున దాఖలైంది, ఎవరు దాఖలు చేశారు, రాసిన మనిషి ఇతనేనని ఎవరు గుర్తించారు, వాళ్ల తండ్రుల పేర్లేమిటి, ఏ వృత్తి, ఏ ఊరు అనేవి అక్కడ చూడండి. రిజిస్ట్రారు ఆఫీసులో కాకుండా ఇంటి దగ్గర రిజిస్టరైందని రాసి ఉంటే, అలా ఇంటికి రావడానికి చట్టం ప్రత్యేక కారణం అడుగుతుంది కాబట్టి, ముత్తాత అప్పటికే మంచం పట్టాడేమో చూసుకోండి. రాసిన తేదీకీ దాఖలు చేసిన తేదీకీ మధ్య ఏళ్లు గడిస్తే ఆ ఏళ్లలో కాగితం ఎవరి పెట్టెలో ఉందో అడగండి. విల్లును మనిషి పోయాక కూడా రిజిస్టరు చేయించవచ్చు. అప్పుడు దాఖలు చేసినవాడి పేరే అన్నిటికంటే ముఖ్యం.

సాక్షుల సంతకాలు చూడండి. ఎవరున్నారో చూశాక ఎవరు లేరో చూడండి. పక్కింట్లోనే ఉన్న తమ్ముడు సాక్షి సంతకం పెట్టకుండా, ఆరు కోసుల దూరం నుంచి బావమరిది వచ్చి పెట్టాడంటే అన్నదమ్ముల మధ్య అప్పటికే మాటలున్నాయో లేవో కనుక్కోవాల్సిందే. ముత్తాతది చేవ్రాలా, నిశానీయా, బొటనవేలి ముద్రా? సంతకం చేయడం వచ్చిన మనిషి ముద్ర వేశాడంటే చెయ్యి ఆడని స్థితి కావచ్చు. పదేళ్ల ముందు ఆయనే రాసిచ్చిన ప్రోనోటు ఎక్కడైనా దొరికితే పక్కన పెట్టి పోల్చండి.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లినవాళ్లు ఒకటో పుస్తకం అడుగుతారు. అందులో స్థిరాస్తి దస్తావేజులుంటాయి. విల్లులూ దత్తత అధికారపత్రాలూ మూడో పుస్తకంలో ఉంటాయి, రాసిన మనిషి పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా నకలిస్తారు. నేను మాత్రం రెండో పుస్తకం ముందు చూడమంటాను. రిజిస్టరు చేయడానికి నిరాకరించిన కాగితాల గురించి, ఎందుకు నిరాకరించారో కారణాలతో రాసిపెట్టే పుస్తకం అది. రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. రాసినవాడే తను రాయలేదన్న కాగితం, మనిషికి బుద్ధి స్థిమితంగా లేదని రిజిస్ట్రారుకు తోచిన కాగితం, గడువు దాటాక తెచ్చిన కాగితం, అన్నీ అక్కడ తేలతాయి. మిగతా పుస్తకాల్లో జరిగిపోయిన పనులుంటే, ఇందులో ఎవరో చేయాలనుకుని చేయలేకపోయిన పనులున్నాయి. కంప్యూటరులో తీసే ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) 1983 నుంచే కాబట్టి, అంతకు వెనకటిది కావాలంటే ఆఫీసులో చేత్తో తిరగేయాల్సిందే. ఓపిగ్గా దరఖాస్తు పెట్టుకోండి.

ఆఫీసులో వెతికేటప్పుడు కూడా మీ ఇంటిపేరు వెతకొద్దు. పేర్ల సూచిక కాకుండా ఊరూ ఆస్తీ వారీగా ఉండే రెండో సూచిక తీసి, మీ పొలానికి ఆనుకుని ఉన్న పొలాల అమ్మకాలు చూడండి. ప్రతి దస్తావేజులో నాలుగు హద్దులుంటాయి. "తూర్పు: ఫలానావారి మెరక" అని మీ ముత్తాత పేరు అక్కడ తగులుతుంది. 1911లో ఆయన పేరుండి, 1914 నాటి పక్క దస్తావేజులో "వారి వారసుల మెరక" అని మారితే, చావుపుట్టుకల రిజిస్టరు చిరిగిపోయినా ఆయన ఏ మూడేళ్లలో పోయాడో పొరుగువాడి కాగితమే చెప్పింది.

ఎకరాలు వదిలేసి ఆవిడ సంగతి చదవండి

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది ఇక్కడ. విల్లు దొరకగానే ఎవరికి ఎన్నెకరాలు వచ్చాయో లెక్కవేస్తారు. ఆ లెక్క పక్కన పెట్టి, భార్యకు ఏమి రాశాడో చదవండి. గోదావరి డెల్టా రైతు విల్లులో అది ఈ ధోరణిలో ఉంటుంది: నా ద్వితీయ కళత్రమునకు ఆమె జీవితపర్యంతము పడమటి గదిలో కాపురముండుటకున్ను, దొడ్డిలోని నూతియందు నీరు తోడుకొనుటకున్ను, ఉత్తరపు నడవ గుండా సదరు నూతికి రాకపోకలు జరుపుకొనుటకున్ను, సాలుకు రెండు పుట్ల ధాన్యమున్ను, రెండు చీరెలున్ను.

ఈ ఒక్క వాక్యం ముందు గంటసేపు కూర్చోండి. నూతి నీళ్లకి హక్కు ఎందుకు రాయాల్సి వచ్చింది? ఇంట్లో మనిషికి ఇంటి నూతి నీళ్లు ఎవరూ కాదనరు కదా. తను పోయాక కాదనేవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారని ఆయనకు తెలుసు. నీళ్లు తోడుకోవచ్చని రాసి ఊరుకుంటే చాలదు, నూతి దాకా వెళ్లే దారి కూడా రాయాలని ఎవరో చెప్పారు. బహుశా ఆవిడే చెప్పి ఉంటుంది. మొదటి భార్య కొడుకులు నడవ తలుపుకు గొళ్లెం పెడితే ఏమిటి గతి అని ఆవిడ అడిగి ఉంటుంది. కొడుకుల ఎదుట అనలేని మాటను ఆయన వ్రాయసగాడి చేత అనిపించాడు. ఎకరాల జాబితాలో ఆ ఇంటి గాలి ఇంత తెలియదు. ఉత్తరపు నడవ ఇప్పటికీ ఉంటే వెళ్లి కొలవండి, నుయ్యి పూడ్చేస్తే ఎక్కడ పూడ్చారో అడగండి.

ఆవిడ పేరు విల్లులో లేకపోవచ్చు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని సరిపెట్టేస్తారు. అప్పుడు మీ ఇంటి కాగితాలు మూసేసి ఆవిడ పుట్టింటికి వెళ్లండి. పసుపు కుంకుమల దస్తావేజులో తండ్రి ఆవిడ పేరు పూర్తిగా రాయించి ఉంటాడు, ఎందుకంటే భూమి ఆవిడకే చెందాలని ఆయన కోరిక. మీ ఇంటిపేరు మాత్రమే వెతుకుతూ కూర్చుంటే ఆ కాగితం ఈ జన్మకు దొరకదు.

ఆవిడ వితంతువై, అన్నదమ్ముల నుంచి విడిపోయిన భర్త ఆస్తిని అనుభవించి ఉంటే, ఆవిడ చేసిన అమ్మకాలు తప్పకుండా తీయించండి. కొడుకుల్లేని భర్త భూమి ఆవిడకు వచ్చినా అది పరిమిత హక్కే. 1956 చట్టం వచ్చి దాన్ని పూర్తి హక్కు చేసేదాకా, ధర్మబద్ధమైన అవసరం లేకుండా సెంటు భూమి అమ్మినా ఆవిడ తర్వాత ఆస్తి చేరాల్సిన భర్త తరఫు వారసులు (రివర్షనర్లు) చెల్లదని దావా వేయగలిగేవారు. అందుకని కొనేవాడు తన జాగ్రత్త కోసం కారణాలన్నీ దస్తావేజులో రాయించేవాడు. భర్త చేసిన అప్పుకి ఇంత, ఆయన కర్మకాండకి ఇంత, కూతురి పెళ్లికి ఇంత, కాశీయాత్రకి ఇంత అని. పేరు కూడా దొరకని మనిషి బతుకులో ఏ ఏట ఏం జరిగిందో ఖర్చులతో సహా అక్కడుంటుంది. మగవాళ్ల అమ్మకపు దస్తావేజుల్లో ఇంత వివరం వెతికినా ఉండదు. మన వైపు వితంతువు భర్త రాసిన అధికారం లేకపోయినా సపిండుల (భర్త తరఫు దగ్గరి దాయాదుల) సమ్మతితో దత్తత చేసుకోవచ్చని 1868 నాటి రామనాథపురం కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. ఆ సమ్మతి ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఎవరో కనుక్కుంటే ఆవిడకు ఆ ఇంట్లో అండగా నిలిచిందెవరో తేలుతుంది.

విల్లులో చుట్టరికం చెప్పకుండా ఒక స్త్రీ పేరూ, ఆవిడకు ఒక ఇల్లూ రాసి ఉంటే ఆ పేజీ దాచకండి. ఆవిడ పిల్లల పిల్లలు కూడా ఎక్కడో ఇదే కాగితం కోసం వెతుకుతుంటారు.

తేదీలు సరిదిద్దకండి

పాత కాగితంలో సంవత్సరం పేరుంటే దాన్ని వెంటనే ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చి ఫైలు కట్టేయకండి. ధాత అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1876 అయినా కావచ్చు, 1936 అయినా కావచ్చు. పక్కన ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలిపి చూసుకోండి. ఫసలీ లేకపోతే కాగితంలో ఉన్న ధరలూ అప్పులూ చూడండి. 1876 ధాత అయితే పెద్ద కరువు మొదలైన ఏడు. గింజలకి పొలం రాసిచ్చారంటే ఆ ధాతే. అలాగే గుంటూరు వైపు నందన అంటే 1832 కరువు మాట తప్పకుండా వస్తుంది. వయసులు ఒక కాగితానికీ మరో కాగితానికీ కుదరవు. అన్నీ అలాగే ఉంచి, పక్కపక్కన రాసిపెట్టండి. మైనరుగా ఉన్నవాడు రెండేళ్లలో ఇరవై అయిదేళ్లవాడయ్యాడంటే ఆ తొందర ఎవరికి అవసరమో మీకు తర్వాత తెలుస్తుంది.

మీ జిల్లా కూడా మర్చిపోండి. తణుకు, భీమవరం తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో, తర్వాత కృష్ణాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. ఇప్పటి మ్యాపు పట్టుకుని వెళితే తప్పుడు ఆఫీసు వరండాలో కూర్చుంటారు. ఇనాందారు కుటుంబమైతే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. అప్పటి అనుభవదారు పేరూ వయసూ ఉంటాయి. తెలంగాణ వాళ్లు అడగాల్సింది 1954–55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్క, దానికి వెనకటి సేత్వార్ అనే సర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు. పాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగల ముసలాయన ఎక్కడున్నా వెతికి పట్టుకోండి. ఆయన వయసు దృష్ట్యా ఆ పని ఈ నెలలోనే చేయండి.

భూమి లేనివాళ్లు ఓడ కాగితాలు చూడండి

"మావాళ్లకి పొలమే లేదు, విల్లెక్కడిది" అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. నేను వాళ్లని అందరికంటే ముందు బయల్దేరమంటాను. కులాల పుట్టుపూర్వోత్తరాలు, గోత్రాలు, ఇంటిపేర్లు కాగితం లేకుండా చెప్పేవాళ్లు మనకున్నారు. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, రెడ్లకూ గొల్లలకూ పిచ్చుకుంట్లవాళ్లు. కరణాల లెక్కలకెక్కని ఇళ్లు వాళ్ల నోట ఉన్నాయి. కరణాల వ్యవస్థనే 1984లో రద్దు చేశారు, పాత లెక్కలు కొన్నిచోట్ల ఇళ్లలోనే చెదలు పట్టాయి. అడిగినప్పుడు వంశాలు చెప్పే ఆ కళాకారులకి ఇవ్వాల్సిన సంభావన ఇచ్చి, కూర్చుని పూర్తిగా వినండి. మీ ఇంటిపేరు వచ్చిన చోట ఆపకండి.

ఊరొదిలి వెళ్లినవాళ్ల సంగతి మరీ వేరు. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా దర్బన్ ఉన్న నటాల్‌కు లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద వెళ్లారు. మన విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్లూ, చిత్తూరు అప్పట్లో ఉన్న ఉత్తర ఆర్కాటువాళ్లూ అందులో ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో ఒక్కో మనిషికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న వలస రికార్డుల్లో కొందరి ఫొటోలూ ఉన్నాయి. వంద ఎకరాల ఆసామి నుదుటి మీద మచ్చ ఉందో లేదో ఏ విల్లులోనూ ఉండదు. సెంటు భూమి లేక ఓడెక్కిన ఆయన తమ్ముడి గురించి, ఆయన పొలంలో పనిచేసిన పాలేరు గురించి అది ఉంది.

ఆ పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి. ఇంటిపేరు చాలాసార్లు లేదు. అందుకని అక్షరాలు చూసి పోల్చకుండా బిగ్గరగా చదవండి, ఊళ్లో పెద్దవాళ్ల ముందు చదవండి. దర్బన్ నుంచో మారిషస్ నుంచో ఎవరైనా తప్పుల తడకగా ఉన్న ఊరి పేరుతో మీ పంచాయతీకి ఉత్తరం రాస్తే, అలాంటి ఊరు లేదని తిప్పి పంపనివ్వకండి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పేర్లు, వాటి శివారు పల్లెల పేర్లు, పూడిపోయిన పాత ఊరి దిబ్బ పేరు కూడా కలిపి జవాబు రాయండి. వాళ్లు పంపిన తండ్రి పేరూ తాలూకా పేరూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రామాలయం అరుగు మీదా, చర్చి గోడ మీదా, పల్లెలో టీకొట్టు దగ్గరా అంటించండి. ఎవరైనా గుర్తుపడితే వాళ్ల ఫోను నంబరు అడిగి ఉత్తరం రాసినవాళ్లకి పంపండి.